బుగ్గప్ప సుత్తి

తాండూరు రైలుకట్ట పక్కన షాబాదు బండల అడ్డాలో బుగ్గప్పను అందరూ ఎరుగుదురు. బండను నిలబెట్టి, చిన్న సుత్తితో ఒక్కసారి కొట్టి, తల వంచి వింటాడు. గంటలా మోగితే బండ బండి ఎక్కుతుంది. బొంగురుగా పలికితే లోపల బీట ఉన్నట్టు. రైలింజన్లు రాల్చిన బొగ్గుతో అక్కడికక్కడే అడ్డగీత గీస్తాడు. అతను రెండో దెబ్బ కొట్టడం ముప్పై ఏళ్లలో ఎవరూ చూడలేదు.

ఈ మధ్య గడియకోసారి గోడచాటుకు పోతున్నాడు. చాలాసేపు నిలబడి, సరిగా రాక, మొహం మాడ్చుకుని తిరిగొస్తాడు. పట్నం దవాఖానాలో డాక్టరు మూత్రసంచి కింద వేలితో తడిమి, గడ్డ గట్టిగా తగులుతోందని చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. క్యాన్సరో కాదో అడ్డాకే ఉత్తరం రాస్తామన్నారు. ఇరవై రెండు రోజులైంది. భార్య శాంతవ్వకు మాత్రం వేడి చేసిందని చెప్పాడు. ఆమె ఇచ్చే సబ్జా నీళ్లు చుక్క మిగల్చకుండా తాగుతాడు. పోస్టుమాన్ సైకిలు గంట వినబడితే సుత్తి గాల్లోనే ఆగిపోతుంది. సైకిలు దాటిపోయాక ఊపిరి వదులుతాడు. ఆ వెంటనే, ఇంకా రాలేదేమని గుబులు.

నిన్న ఒక బండ బొంగురుగా పలికింది. బుగ్గప్ప మళ్లీ కొట్టాడు. అంచున కొట్టాడు, నడుమ కొట్టాడు, చెవి ఆనించి కొట్టాడు. బండి తోలే అజమత్ బొగ్గుముక్క అందించాడు.

"పగిలిందే కద బుగ్గన్నా, గీత కొట్టు."

బుగ్గప్ప బొగ్గు అందుకోలేదు. బండను మెల్లగా గోడకు చేరేసి, దాని మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు.

"ఉండనీ అజమత్. గిది రేపు జూద్దం."