వదిన దాచిన అరగంట

మా వదిన పోయింది. నరసాపురం నుంచి ఆమె కూతురు ఫోన్ చేసి "అత్తా, అమ్మ ఇక లేదు" అన్నప్పుడు నేను జగిత్యాల బస్టాండులో నిలబడి ఉన్నాను. ఎక్కవలసిన బస్సు నా ముందు నుంచే వెళ్ళిపోయింది. కిడ్నీలు పాడై చాలాకాలంగా మంచం మీదే ఉందని తెలుసు. అయినా తెలియడం వేరు, వినడం వేరు.

ఆమె మాకు చుట్టం కాదు. వాళ్ళది గోదావరి ఒడ్డు, మాది కరీంనగర్ పల్లె. ఆమె చర్చికి, నేను గుడికి. దుబాయ్ పక్కనున్న అజ్మాన్‌లో అద్దె తక్కువని తీసుకున్న ఫ్లాటులో ఒక గది మాది, ఒకటి ఆమెది, వంటగది ఇద్దరిదీ. ఆమె దుబాయ్‌లో పెద్దాసుపత్రిలో నర్సు. భర్త, కూతురు ఊళ్ళో ఉండేవారు. మొదటిరోజే నన్ను ఆపి, "ఆంటీ గీంటీ అన్నావంటే ఊరుకోను. వదినా అని పిలు" అంది. అంతే, వదిన అయిపోయింది.

డ్యూటీ నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని, నన్ను అడక్కుండా నా గిన్నెల మూతలు తీసి చూసేది. "నీళ్ళకి పచ్చిపులుసని పేరెట్టుకున్నారమ్మా మీరు" అని వెక్కిరిస్తూనే రెండోసారి వడ్డించుకునేది. ఊరు గుర్తొచ్చి నేను ఏడుస్తుంటే గ్లాసు చేతికిచ్చి, "ముందు నీళ్ళు తాగు. ఏడవడానికైనా ఒంట్లో నీళ్ళుండాలి" అనేది. అది ఓదార్పో, నర్సు మాటో నాకెప్పుడూ అర్థం కాలేదు.

రెండువేల ఆరు ఎండాకాలం. బడులకు సెలవులిచ్చారు. టికెట్లు కొనగలిగినవాళ్ళు ఇండియా వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళ పిల్లల కోసం దుబాయ్‌లో తెలుగువాళ్ళు ఒక పెద్ద ఏసీ హాల్లో మేళా పెడుతున్నారని తెలిసింది. బజ్జీల దుకాణాలు, పాటలు, పిల్లలు చేసిన ప్రాజెక్టుల బల్లలు. మా ఆయన ఏసీ మెకానిక్. నాలుగో తరగతి అయిపోయిన మా పెద్దోడితో కలిసి థర్మోకోల్ డబ్బాతో చిన్న కూలర్ మొదలుపెట్టాడు. లోపల ఐసు, మూత మీద పాత కంప్యూటర్‌లోంచి తీసిన ఫ్యాను. మూతకు రంధ్రం కోసి, "మిగతాది రేపు చేద్దాం బిడ్డా" అని పనికి వెళ్ళాడు.

ఆ రోజే అల్ కుసైస్‌లో ఒక బిల్డింగు మీద ఏసీ బాగుచేస్తూ కిందపడ్డాడు. తలకు దెబ్బ. తెలివి రాలేదు.

వదిన పనిచేసే ఆసుపత్రికే తెచ్చారు. రోజూ అజ్మాన్ నుంచి వెళ్ళి ఆయన మంచం పక్కన కూర్చునేదాన్ని. చేయి పట్టుకుంటే వేడిగానే ఉండేది. ఆ వేడి చూసి ఆశపడేదాన్ని. మొక్కని దేవుడు లేడు. ఆయన కంపెనీ మేనేజరు, ముదీర్ అంటారక్కడ, ఒకసారి వచ్చి చూసి, "అల్లా హై" అని వెళ్ళిపోయాడు. ఇంట్లో పెద్దోడు మాట్లాడటం మానేసి ఆ డబ్బా ముందేసుకుని కూర్చునేవాడు. చల్లగాలి పక్కల నుంచి పోతోందని వదిన ఆసుపత్రి ప్లాస్టరు తెచ్చి, వాడితో కలిసి సందులన్నీ అతికించింది.

మేళా రోజు పొద్దున నేను ఆసుపత్రికి బయలుదేరుతుంటే వదిన అడ్డం నిలబడింది.

"ఇవాళ పిల్లలతో రా."

"ఏం మాట్లాడుతున్నవ్ వదినె? ఆయన అట్ల పడి ఉంటే నేను మేళాకు పోవుడా?"

"ఆయన దగ్గర మా ఫ్రెండుని కూర్చోబెట్టాను. ఏదన్నా ఉంటే ఫోన్ చేస్తది. ఆ పిల్లోడి మొహం చూడు ఒకసారి."

చూశాను. వాడితోపాటు మా చిన్నదాన్నీ ఎత్తుకుని వెళ్ళాను.

హాల్లో నూనె వాసన, పాటల హోరు. పెద్దోడు బల్ల మీద కూలర్ పెట్టి, ముందు అట్టముక్క నిలబెట్టాడు. "చేసినవాళ్ళు: నేను, మా బాపు." ఐసు వేసి ఫ్యాను తిప్పగానే చల్లటి గాలి వచ్చింది. పిల్లలు వంతులవారీగా మొహాలు పెట్టారు. ఎన్నో రోజుల తర్వాత వాడు నవ్వాడు.

అప్పుడే వదిన ఫోను మోగింది. పక్కకు వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి మొహం కడుక్కుని ఉంది, ముంగురుల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"దవాఖాననుంచా?"

"డ్యూటీ మార్చారంట, అంతే."

"నేను ఆయన దగ్గరికి పోత వదినె. నా పాణం నిలుస్తలేదు."

"పోదాం. అరగంట ఆగు. వాడి వంతు రానీ."

ప్రాజెక్టులు చూసే పెద్దమనుషులు బల్ల దగ్గరికి వచ్చారు. వదిన పెద్దోడి వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేసింది. కూలర్ ఎలా పనిచేస్తుందో వాడు తడబడకుండా చెప్పాడు. ఒకాయన అట్టముక్క చదివి, "మీ బాపు ఏరి?" అని అడిగాడు.

"దవాఖానల ఉన్నడు సార్. తెలివొచ్చినంక ఇది సూపిస్త."

ఆయన వాడి తల నిమిరాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

బయట కార్లు నిలిపేచోట వదిన నన్ను దూరంగా తీసుకెళ్ళి చెప్పింది. ఇందాక వచ్చిన ఫోను అదే. అప్పటికే ఖలాస్.

తర్వాత కాగితాల పనంతా ఆమే చూసింది. ఆయనకు వీసా ఇచ్చిన కఫీల్ ఆఫీసు చుట్టూ తిరిగింది. ఆయన్ని ఊరికి పంపించింది, మమ్మల్ని విమానం ఎక్కించింది. వెళ్ళేముందు అడిగాను, ఎందుకు దాచినవ్ అని.

"మా అమ్మ పోయిందని నాకు వార్డులో ఫోన్ చేశారు. చేతిలో సెలైన్ సీసా. ఇప్పటికీ అమ్మని తల్చుకుంటే ఆ సీసాయే కనపడతది, అమ్మ కనపడదు. నీ కొడుక్కి వాళ్ళ నాన్నతో కలిపి ఒక మంచిరోజు మిగలాలనుకున్నాను. నువ్వు తిట్టుకుంటావని తెలుసు. తిట్టుకో."

తిట్టుకున్నాను. ఏళ్ళ తరబడి. ఆయన పోయిన సంగతి తెలియక నేను చప్పట్లు కొడుతూ నిలబడ్డానే అని. ఆ అరగంట వాడిదే కాదు, నాది కూడా కదా అని. ఆమె చేసింది తప్పో ఒప్పో ఇప్పటికీ తేల్చుకోలేను.

వదిన పోయిందని పెద్దోడికి ఫోన్ చేసి చెప్పాను. ఇప్పుడు వాడికీ ఒక కొడుకు.

"అమ్మా, నేను బాపు గురించి చెప్తున్నప్పుడు ఆమెకు తెలుసు గదా?"

"తెలుసు బిడ్డా."

"అందుకే చెయ్యి తియ్యలే. అయిపోయేదాంక నా భుజం మీదనే ఉంచింది."

నరసాపురం వెళ్ళి మట్టి వేసి వచ్చాను. పెట్టెలో పడుకున్న మొహం చూశాను కానీ నాకు గుర్తుండేది అది కాదు. మేళా రోజు ఆయన పోయాడని ఆమె చెప్పగానే నేను చెప్పులు ఎక్కడో వదిలేసి, కార్ల మధ్య పరుగెత్తాను. అరికాళ్ళు కాలుతున్న సంగతి కూడా తెలియలేదు. వదిన వెనకే వచ్చి, నన్ను పట్టి ఆపి, కూర్చోబెట్టి, తన చెప్పులు విప్పి నా కాళ్ళకు తొడిగింది. తర్వాత చిన్నదాన్ని చంకనేసుకుని రోడ్డు మీదకు వెళ్ళింది. మిట్టమధ్యాహ్నపు తారురోడ్డు మీద, ఒట్టికాళ్ళతో, ఒక పాదం మార్చి ఒక పాదం ఎత్తుకుంటూ, వచ్చే ప్రతి టాక్సీకీ చెయ్యి ఊపుతూ నిలబడింది.