సిక్ లీవులో నేరేడు జామ్

ఇరవై రెండేళ్లు బస్సు నడిపిన మనిషిని తెచ్చి ఇంట్లో కూర్చోబెడితే ఏమవుతుందో నా భార్యను అడగాలి.

ఆ వేసవిలో డ్రైవర్లకు చేసే కంటి పరీక్షలో నా ఎడమ కన్ను తేడాగా ఉందని బయటపడింది. షుగరు వల్ల కంటి లోపలి పొర దెబ్బతిన్నదని ఖమ్మంలో డాక్టరు చెప్పాడు. లేజర్ చేసి, మూడు నెలలు స్టీరింగ్ ముట్టుకోవద్దన్నాడు. ఆ తర్వాత హైదరాబాదులో మెడికల్ బోర్డు చూసి, నన్ను మళ్లీ బండి ఎక్కించాలో వద్దో తేలుస్తుంది.

మా ఇల్లు భద్రాచలం బస్టాండుకు దగ్గర. హారన్ వినిపిస్తే అది ఏ డిపో బండో, డ్రైవరు ఓపికగా ఉన్నాడో చిరాకుగా ఉన్నాడో కూడా నాకు తెలిసిపోతుంది. నా భార్య అంగన్‌వాడీ టీచరు. తొమ్మిదికి వెళ్తే నాలుగింటికి వస్తుంది. ఆ ఏడు గంటలూ నేను వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వంటింట్లోకి తిరిగేవాణ్ణి. టీవీ పెట్టి, పాట సగంలో ఉండగానే కట్టేసేవాణ్ణి. పేపరు మొదటి పేజీ నాలుగుసార్లు చదివి, రెండో పేజీ తిప్పకుండా పక్కన పడేసేవాణ్ణి. ఇంకో పని కూడా చేశాను. మెడికల్ బోర్డు కంటి పరీక్షలో చదివించే అక్షరాల వరుసలు ఇవేనంటూ ఒక రిటైరైన డ్రైవరు కాగితం మీద రాసిచ్చాడు. రోజూ పొద్దున దాన్ని బట్టీ పట్టేవాణ్ణి. నా భార్యకు కనపడకుండా చొక్కా జేబులో పెట్టుకునేవాణ్ణి.

అన్నిటికంటే నాకు బ్రెడ్డూ జామూ లేకపోవడం కష్టంగా ఉండేది. వినడానికి నవ్వొస్తుంది కానీ, మొదటి ట్రిప్పుకు ముందు డిపో క్యాంటీన్లో రెండు బ్రెడ్డు ముక్కల మీద ఎర్రగా జామ్ పూయించుకుని, టీతో తినడం నాకు ఇరవై రెండేళ్ల అలవాటు. అది తింటేనే పొద్దు మొదలైనట్టు. డాక్టరు అన్నం తగ్గించమంటే తగ్గించాను. జామ్ మానేయమన్నప్పుడు మాత్రం చిన్నపిల్లాడిలా ముఖం పెట్టానట.

ఖమ్మంలో నర్సింగ్ చదువుతున్న మా అమ్మాయికి ఫోన్లో ఈ గోడు చెప్పుకున్నాను.

"జామే గద నాన్నా, ఇంట్లనే చేస్కో. చక్కెర అక్కర్లే. పండ్లు ఉడకబెట్టి, మెత్తగ చేసి, చియా గింజలు కలుపు. అదే గట్టిపడ్తది. ఇరవై నిమిషాల పని."

"ఏం గింజలు?"

"చియా, చియా."

"నాకు వంటెక్కడొస్తది బిడ్డా?"

"యాభై మందిని కూసోబెట్టుకొని బస్సు నడిపినవ్. గిన్నెడు పండ్లు ఉడకబెట్టలేవా?"

ఆ మాట తగిలింది. వెంటనే చెప్పులేసుకుని కిరాణా కొట్టుకు పోయాను. చియా గింజలు అడిగితే కొట్టతను, "చియా అన్నా సబ్జా అన్నా ఒకటేనే, తీస్కపో" అని నల్లటి గింజల పొట్లం చేతిలో పెట్టాడు. పెరట్లో పండిన బొప్పాయి కోసి ఉడకబెట్టి, అవి కలిపాను. సాయంత్రం నా భార్య మూత తీసి చూసింది. ఆమెది వేంసూరు, ఆంధ్రా సరిహద్దు. కోపం వచ్చినా మాట మెత్తగానే వస్తుంది.

"ఇదేంటండి, కప్ప గుడ్లలా ఉంది?"

నిజంగానే అలా ఉంది. పల్చటి బొప్పాయి రసంలో ఉబ్బిన గింజలు దేనికది తేలుతున్నాయి. అమ్మాయి వీడియో కాల్లో చూసి కడుపుబ్బ నవ్వింది. సబ్జా పూర్తిగా నల్లగా ఉంటుందని, చియా బూడిద రంగులో మచ్చలు మచ్చలుగా ఉంటుందని చెప్పింది. మర్నాడు ఖమ్మం బస్సులో నా పాత కండక్టరు చేతికిచ్చి అసలు గింజలు పంపించింది.

అవి వచ్చాక కూడా జామ్ కుదరలేదు. తప్పు గింజలది కాదు, నాది. రెండు గిన్నెల పండ్ల ముక్కలకు రెండు చెంచాల గింజలు వేసి, పొయ్యి కట్టేసి, చల్లారేదాకా కదపకుండా ఉంచమంది అమ్మాయి. నేను ఐదు నిమిషాలకోసారి మూత తీసి చూశాను. పల్చగానే ఉందని ఇంకో చెంచా వేశాను. మళ్లీ చూశాను. మళ్లీ వేశాను. గంట తర్వాత చూస్తే గరిటె నిలబడేంత ముద్ద అయింది. ఉడకబెట్టడం కంటే ఊరుకోవడమే కష్టమైన వంటకం అది. ఆ రోజుల్లో నాకు చేతకానిది సరిగ్గా అదే.

పైగా వంటిల్లు నాకు అచ్చి రాలేదు. ఉప్పు డబ్బా తగిలి పడిపోయేది. నూనె గిన్నె ఒలికిపోయేది. వంటిల్లు ఇరుకుగా ఉందని, సామాను అడ్డదిడ్డంగా పెడుతుందని నా భార్య మీద ఎగిరేవాణ్ణి. ఆమె గుడ్డ తెచ్చి తుడిచేది.

వానలు మొదలై నేరేడు పండ్లు వచ్చాయి. షుగరుకు నేరేడు మంచిదంటారు కదా, దానితో చేసి చూడండి అంది నా భార్య. బజారులో లావుపాటి పండ్లున్నాయి. నాకు మాత్రం ఖమ్మం నుంచి వచ్చేటప్పుడు పాల్వంచ దాటాక అడవిలో రోడ్డు పక్కన అమ్మే చిన్న నేరేళ్లు గుర్తొచ్చాయి. అక్కడ స్టాపు లేదు. లోపలి గూడెం నుంచి ఒక ముసలామె గంపతో వచ్చి చెయ్యెత్తేది. నేను ఆపేవాణ్ణి. దిగేటప్పుడు మోదుగాకు దొప్పలో గుప్పెడు పండ్లు పోసి ఇంజను పక్కన పెట్టి పోయేది. ఆ నేరేళ్లే కావాలనిపించింది. అసలు సంగతి, మళ్లీ ఆ రూటులో పోవడానికి నాకో సాకు దొరికింది.

టికెట్టు కొనుక్కుని నా రూటు బస్సు ఎక్కడం అదే మొదటిసారి. డ్రైవరు కొత్త కుర్రాడు. వెనక సీట్లో కూర్చున్నాను. బ్రిడ్జి మీద లారీ ఎదురొస్తే నా కుడికాలు నేలను గట్టిగా తొక్కింది. సారపాక దగ్గర మళ్లీ తొక్కింది. కండక్టరు చూసి నవ్వాడు.

"అన్నా, నువ్వెంత తొక్కినా బండి ఆగది."

నేనూ నవ్వాను కానీ కాలు మాత్రం ఆగలేదు.

అడవిలో మలుపు దగ్గర దిగాను. చెట్ల కింద ఇద్దరు ఆడవాళ్లు గంపలు పెట్టుకుని కూర్చున్నారు. వాళ్లలో వాళ్లు కోయలో మాట్లాడుకుంటున్నారు. పెద్దామె, నేను బస్సు ఆపిన ముసలామే, నన్ను పైకీ కిందికీ చూసింది.

"డ్రైవరు సారువు గద? ఖాకీ బట్టలు లేకపోతే గుర్తువట్టలే."

సంతోషమేసింది. పక్కనే గొంతుక్కూర్చున్నాను. "నీకోసం ఎన్నిసార్లు ఆపిన, యాదున్నదా అవ్వా?"

"ఎందుకు లేదు. స్టాపు కాకున్నా ఆపినవ్. కానీ పోయిన చలికాలం నుంచి ఆపుడు బంజేసినవ్ గద."

"నేనా?"

"అవ్. నాలుగు సార్లు చెయ్యెత్తిన. గీడనే నిలబడ్డ. నువ్వు ముందుకే చూస్కుంట పోయినవ్. సారుకు మా మీద ఏం కోపమొచ్చెనో అనుకున్నం." దొప్పలో పండ్లు పోస్తూ, ఊరి సంగతి చెప్పినట్టు చెబుతోంది. "ఒకపారి మనుమరాలు రోడ్డు మీదికి ఉరికె. నేను రెక్క వట్టి గుంజిన. నీ బండి గాలి మా మొఖానికి తగిలింది."

ఆమెను చూసి ఆపకుండా పోయిన రోజు నాకు ఒక్కటి కూడా గుర్తులేదు. గుర్తుండటానికి నేను చూస్తేగా! మన రోడ్ల మీద బస్సు కోసం నిలబడే మనిషి ఎప్పుడూ డ్రైవరుకు ఎడమ చేతి వైపే ఉంటాడు.

"పాప ఎట్లున్నది?" అని అడిగాను చివరికి.

"దానికేమైంది, బడికి పోయింది."

తిరుగు బస్సు కోసం చాలాసేపు ఆగాల్సి వచ్చింది. ఆమె కూర్చోమంది. నేను కూర్చోలేకపోయాను. పండ్ల సంచి పట్టుకుని రోడ్డు అంచున అటూ ఇటూ నడిచాను. ఒక్కో బండి వస్తుంటే డ్రైవరు ముఖమే చూశాను. ప్రతివాడి చూపూ ఒక్క క్షణం నా మీద పడి, మళ్లీ రోడ్డు మీదికి పోతోంది. అంత చిన్న చూపు. నేనది ఎప్పటి నుంచి చూడటం లేదో నాకే తెలియదు. చలికాలం అని ఆమె అంది. అంతకు ముందు నుంచేమో. ఎంతమందిని దాటుకుంటూ పోయానో. పాల్వంచలో, సారపాకలో, బడి పిల్లలు నిలబడే చోట.

ఇంటికొచ్చి నేరేళ్లు కడిగి, వేళ్లతో గింజలు తీయడం మొదలుపెట్టాను. చిన్న పండ్లు, పెద్ద గింజలు. చేతులు రెండూ వంకాయ రంగుకు తిరిగాయి. సగంలో లేచాను. కుడికన్ను మీద అరచెయ్యి పెట్టి, ఎడమ కంటితో వంటిల్లు చూశాను. ఎదురుగా కిటికీ ఉంది. దానికి ఎడమ పక్కన ఉండాల్సిన గూడు లేదు. గూట్లో ఉప్పు డబ్బా లేదు. అక్కడ బూడిద రంగు మసక ఒకటి ఉంది, అంతే. లేజర్ చేసిన కొత్తలో అలాగే ఉంటుందిలే అని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. చెయ్యి తీశాను. మళ్లీ పెట్టాను. ఎన్నిసార్లు అలా చేశానో.

నా భార్య వచ్చేసరికి నా కుడికన్ను చుట్టూ నేరేడు మరక ఉంది. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమైందండి?"

చెప్పాను. ముసలామె అన్నదంతా, పాప సంగతితో సహా.

ఆమె సంచి కింద పెట్టి, నా పక్కన పీట వాల్చుకుంది. "అన్నం తినేటప్పుడు ఎడమ పక్కన పెట్టిన నీళ్ల గ్లాసు రోజూ చెయ్యి తగిలించి పడేస్తున్నారు. నేను చూడట్లేదనుకున్నారా?"

"మరి చెప్పకపోతివి?"

"రెండుసార్లు చెప్పా. ఇల్లు ఇరుకన్నారు."

ఇద్దరం కలిసి మిగతా గింజలు తీశాం. తర్వాత జేబులోని కాగితం తీసి ఆమె చేతికిచ్చాను. అక్షరాల వరుసలు చూసి, అదేమిటో ఆమెకు వెంటనే అర్థమైంది. తిట్టలేదు. చింపనూ లేదు. మడిచి నాకే తిరిగి ఇచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ గుజ్జును గిన్నెలో వేసి, సన్నటి మంట మీద పది నిమిషాలు ఉడికించి, పప్పుగుత్తితో మెదిపాను. చెంచాడు నిమ్మరసం, రెండు చెంచాల చియా వేసి కలిపి, దించి పక్కన పెట్టాను. దాని సంగతి పూర్తిగా మర్చిపోయాను. పొద్దుగూకేటప్పుడు మూత తీస్తే జామ్ కుదిరి ఉంది. చెంచా వంచితే జారకుండా, బ్రెడ్డు మీద పూస్తే పారకుండా. వగరు, పులుపు, అడుగున ఎక్కడో కాస్త తీపి. క్యాంటీన్ జామ్‌కూ దీనికీ ఏ పోలికా లేదు. ఇద్దరం చెరో ముక్క తిన్నాం. మిగతాది సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాం. చక్కెర లేదు కాబట్టి వారం కంటే ఉంచొద్దని అమ్మాయి ముందే చెప్పింది.

రెండు రోజుల తర్వాత ఒక చిన్న సీసా తీసుకుని మళ్లీ ఆ మలుపు దగ్గర దిగాను. ముసలామె వేలితో తీసి నాలుకకు రాసుకుంది. ముఖం చిట్లించింది.

"మంచి పండును గిట్లెందుకు ఖరాబు చేసినవ్ సారూ?"

నా కన్ను సంగతి చెప్పాను. కోపం కాదని, కనపడలేదని. ఆమె చాలాసేపు నా ముఖంలోకి చూసింది. ఏ కన్నో తేల్చుకుంటున్నట్టు నా ఎడమ పక్కకు జరిగి, అక్కడి నుంచి చెయ్యి ఊపింది. నేను తల తిప్పితే గానీ ఆ చెయ్యి కనపడలేదు.

"గట్లయితే బండి నడపకు బిడ్డా" అంది. అంతవరకు సారూ అన్న మనిషి.

అయినా ఆ నెల్లాళ్లూ మనసు ఒకచోట నిలవలేదు. బోర్డులో ఉన్నమాట చెబుదామనుకునేవాణ్ణి. మర్నాడు పొద్దున హారన్ వినపడగానే, కుడికన్ను బాగానే ఉందిగా, తల కాస్త తిప్పి చూస్తే సరిపోదా అనుకునేవాణ్ణి. వారానికోసారి జామ్ కాచాను. జామకాయతో, అనాసతో. కొన్ని కుదిరాయి, కొన్ని లేదు. హైదరాబాదు బస్సు ఎక్కేటప్పుడు కూడా ఆ కాగితం జేబులోనే ఉంది.

బోర్డులో కుడికన్ను మూయించాక అక్షరాల పట్టీ వెలిగింది. మొదటి వరుస చూడగానే తెలిసింది, నేను బట్టీ పట్టిన అక్షరాలే. రెండు వరుసలు గడగడా చదివేశాను. డాక్టరమ్మ తల ఊపి రాసుకుంటోంది. మూడో వరుస నోటిదాకా వచ్చింది.

"మేడమ్, అవి నేను చూసి చదువుతలేను" అన్నాను. "నోటికొచ్చు. ఎడమ పక్క నిలబడ్డోళ్లు నాకు కనపడ్తలేరు. చలికాలం నుంచి. ఒక పిల్ల కొద్దిల తప్పింది."

ఆమె పెన్ను ఆపి నన్ను చూసింది. పక్కనున్న యంత్రం దగ్గరికి రమ్మని, గడ్డం దాని మీద పెట్టించి, ఎక్కడ చుక్క వెలిగినా చేతిలోని మీట నొక్కమంది. చాలాసేపు నా వేలు నొక్కకుండానే ఉండిపోయింది.

డ్రైవింగుకు పనికిరాడని రాశారు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నా భార్యకు ఫోన్ చేస్తే, "తిన్నారా?" అని అడిగింది. అదొక్కటే అడిగింది.

తర్వాత భద్రాచలం బస్టాండులోనే వేరే పని ఇచ్చారు. వచ్చిపోయే బండ్ల టైము రాయడం, మైకులో చెప్పడం. మొదటి రోజు మైకు పట్టుకుని, ఖమ్మం వెళ్లే బస్సు మూడో ప్లాట్‌ఫారం మీద ఉందని చెప్పాను. నా గొంతు ఎవరిదో అన్నట్టు పైకప్పు కింద మోగింది. కంట్రోలరు తన పక్కనున్న కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. మధ్యాహ్నం దాకా నిలబడే ఉన్నాను.