ఫోటోలో గడ్డి మొలిచిన చోటు

జనవరి పద్దెనిమిది, ఆదివారం. ఆరాధనకు వెళ్లేలోగా పని ముగించుకోవాలని ఫోటోగ్రాఫరును ఉదయం ఆరున్నరకే రమ్మన్నాను. నేను వెళ్లేసరికే అతను గేటు బయట నిలబడి ఉన్నాడు. సమయం పాటించే మనిషిని చూస్తే నాకు సగం నమ్మకం కుదురుతుంది. మిగతా సగం, అతను అడిగిన ఎనిమిది వేల రూపాయల దగ్గర ఆగిపోయింది.

ఆ ఇల్లు నాది కాదు, మా చెల్లెలిది. రాజోలు దాటి గోదావరి గట్టు వైపు వెళ్లే దారిలో, నది మధ్య లంకకు దగ్గరగా ఉన్న ఊరు. చెల్లెలు కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేస్తుంది. ఈ ఇంటి గోడలు, స్లాబు, తలుపులు, అన్నీ అక్కడి పొయ్యి ముందు నిలబడి సంపాదించినవే. తాను మాత్రం సెలవులకు వచ్చినప్పుడు తప్ప ఈ ఇంట్లో పడుకున్నది లేదు. ఇప్పుడు ఆమెకు మోకాళ్లు అరిగిపోయాయి. మార్చి నెలాఖరుకు అక్కడి ఒప్పందం ముగుస్తుంది. ఈలోగా ఇల్లు అమ్ముడుపోతే, అమలాపురంలో నాకు దగ్గరగా రెండు గదుల ఇల్లు కొనుక్కుని, మిగిలినది బ్యాంకులో వేసుకుని వచ్చేస్తుంది. లేకపోతే మరో రెండేళ్లకు సంతకం పెట్టాలి. అమ్మే అధికారం నా పేరిట రాసి పంపింది. నేను బడిలో లెక్కలు చెబుతాను. కాగితం సరిగ్గా ఉంటే పని జరుగుతుందని నమ్మే మనిషిని.

ఏడాదిపాటు ఏమీ జరగలేదు. బ్రోకరు నా ఫోన్‌లో ఉన్న ఫోటోలు చూసి తల పట్టుకున్నాడు.

"టీచరు గారండీ, ఇది ఇల్లులా లేదండి బాబు, ధాన్యం గోడౌనులా ఉందండి. ఇవాళా రేపూ జనం ముందు ఫోన్‌లో చూసేకే కారెక్కుతున్నారు. పెళ్లిళ్లు తీసే కుర్రోడొకడున్నాడండి, డ్రోను కూడా ఎగరేస్తాడు. ఒక్కసారి తీయించేయండి."

అలా వచ్చాడా ఫోటోగ్రాఫరు. కుర్రోడన్నది బ్రోకరు వాడుక. అతనికి నలభై దగ్గర పడ్డాయి. లోపలికి రాగానే పెళ్లివారింట్లో పెత్తనం చేసినట్టు అన్నీ సర్దడం మొదలుపెట్టాడు. బట్టలారేసే తాడు విప్పించాడు. పక్కింటివారిని బతిమాలి రెండు పూలకుండీలు తెచ్చి మెట్ల మీద పెట్టాడు. తర్వాత బకెట్టుతో నీళ్లు తెప్పించి వరండా అంతా కొట్టించాడు.

"తడిగా ఉంటే టైల్సు మెరుస్తాయండి."

"పెళ్లికూతురికి కూడా ఇలాగే నీళ్లు కొడతారా?" అన్నాను.

"ఆవిడకి పౌడరు కొడతామండి. ఇంటికి నీళ్లే పౌడరు."

నవ్వాను. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో ఎవరో నవ్వడం విన్నట్టు పక్కింటావిడ గోడ మీదుగా తొంగి చూసింది.

గేటు తీయగానే ఎడమ చేతి వైపు, ప్రహరీకి ఆనుకుని, మా మరిది సమాధి ఉంది. చెల్లెలి భర్త. కరోనా ఏడు ఆగస్టులో, స్లాబు వేసిన నెలకే, గుండె ఆగి పోయాడు. ఆ వారం గోదావరికి వరద. సమాధుల తోట నడుం లోతు నీళ్లలో ఉంది. ఊళ్లో ప్రతి ఇంట్లోకీ నీళ్లు వచ్చాయి, ఈ స్థలంలోకి తప్ప. ఇల్లు కట్టకముందు మరిది లారీల మీద మట్టి తోలించి, ఊరందరూ నవ్వుతున్నా వినక, రోడ్డు కంటే మూడడుగులు మెరక చేయించాడు. సంఘ పెద్దలు చూసి చూసి, పొడిగా ఉన్నది ఇదొక్కటే కాబట్టి ఇక్కడే పెడదామన్నారు. కొనేవారికి నేను మొట్టమొదట చెప్పే మాట, వరద నీరు ఎన్నడూ ఎక్కని స్థలమని. అతను అక్కడ ఉండడానికి కారణమూ అదే. విమానాలు లేక చెల్లెలు రాలేకపోయింది. భర్తను మట్టిలో పెట్టడం నా చేతిలోని ఫోన్‌లో చూసింది. ఫోన్ తడవకుండా ఒకరు గొడుగు పట్టారు.

ఫోటోగ్రాఫరు అక్కడికి వచ్చి ఆగాడు. చెప్పులు విడిచాడు.

"ఎవరండీ?"

"మా మరిది."

"ఆయ్." తల వంచుకునే అన్నాడు: "అది నేను చూసుకుంటానండి."

కుడి వైపు నుంచి తీస్తాడు కాబోలు అనుకున్నాను. అంతకుమించి నాకు తోచలేదు.

మూడో రోజు సాయంత్రం ఫోటోలు వచ్చాయి. బాగున్నాయి అనడం తక్కువ మాట. ఆ ఇల్లు అంత వెడల్పని నాకు అంతవరకు తెలియదు. వరండాలో కొబ్బరాకుల నీడ నీళ్ల మీద పడ్డట్టు పడింది. పైనుంచి డ్రోనుతో తీసిన దాంట్లో చుట్టూ కొబ్బరితోటలు, ఒక పక్క పంటకాలువ, మధ్యలో తెల్లటి ఇల్లు. నేను కళ్లద్దాలు తుడుచుకుని ఒక్కొక్కటే సరిచూసుకున్నాను. కిటికీల లెక్క సరిపోయింది. ఆ ఉదయం ఆకాశంలో లేని మబ్బులు ఫోటోలో ఉన్నాయి; పోనీలే అనుకున్నాను. తర్వాత గేటు దగ్గరి ఫోటో తెరిచాను. ఎడమ చేతి వైపు నున్నటి పచ్చగడ్డి. గడ్డి మీద, పక్కింటి పూలకుండీల్లాంటివే మరో రెండు. శిలువ లేదు, సున్నం వేసిన దిమ్మె లేదు. దిమ్మె నీడ కూడా లేదు.

వెంటనే ఫోన్ చేశాను.

"అలా ఎందుకు చేశారండీ?"

అతను నొచ్చుకున్నాడు. "పెళ్లి ఆల్బంలో మేమెప్పుడూ అంతేనండి. వెనకాల గోడ మీద పోయినోళ్ల ఫోటో దండేసి కనబడితే తీసేస్తాం. శుభకార్యం కదండీ. అడిగితే ఇంటోళ్ల మనసు కష్టపడుతుందని అడక్కుండానే తీసేస్తాం. దానికి డబ్బులు కూడా తీసుకోమండి."

మర్యాద కోసం చేసిన పనిని తప్పుపట్టలేక ఫోన్ పెట్టేశాను. ఆ ఫోటో వాడొద్దని బ్రోకరుకు చెప్పబోతే, అతను ఉత్సాహంగా ఉన్నాడు. "అప్పుడే అన్ని గ్రూపుల్లోనూ పెట్టేసేనండి! అదే ముందు పెట్టేను. అదిరిపోయిందండి." ఆ ఒక్కటీ తీసేయమన్నాను. తన గ్రూపుల్లో తీసేశాడు. అప్పటికి అది ఇంకెవరెవరి చేతుల్లోనో ఉంది.

మర్నాడు బడికి బయలుదేరుతుండగా కువైట్ నుంచి చెల్లెలి ఫోన్. అక్కడున్న మన ఊళ్ల ఆడవాళ్ల గ్రూపులోకి ఆ ఫోటో వచ్చేసింది. గొంతు మామూలుగానే ఉంది.

"అక్కా, ఎప్పుడు తీయించేసేవు?"

"ఏది?"

"చెప్పి ఉంటే బాగుండేది. నేనేం వద్దనేదాన్ని కాదు. ఇల్లు పోవాలంటే తప్పదని నాకు తెలుసు కదా. నువ్వొక్కదానివే నిలబడి తీయించేవా? పాస్టరు గారు వచ్చేరా?"

తీయించలేదని, అది ఫోటోలో చేసిన మార్పని, ఫోటోగ్రాఫరు చెప్పిన పెళ్లి ఆల్బం సంగతితో సహా చెప్పాను. చెల్లెలు విన్నది. "సరే అక్కా" అన్నది. ఆ సరే ఎలాంటిదో నాకు తెలుసు. బడికి సెలవు పెట్టి రాజోలు బస్సెక్కాను.

గేటు దగ్గర నిలబడి వీడియో కాల్ చేశాను. సమాధి చూపించాను. దగ్గరికి వెళ్లి, శిలువ మీద చెక్కిన పేరు చూపించాను. చెల్లెలు వంటింట్లో ఉంది, వెనక కుక్కరు కూత వేస్తోంది. చాలాసేపు చూసింది.

"చెయ్యి పెట్టు అక్కా."

"ఏంటి?"

"దాని మీద నీ చెయ్యి పెట్టు. వీడియోల్లో కూడా చేసేస్తున్నారంట కదా ఇప్పుడు."

చెయ్యి పెట్టాను. సిమెంటు వేడిగా ఉంది. కనబడేలా వేళ్లు కదిపాను.

"ఆఁ, ఉన్నారు" అని ఫోన్ పెట్టేసింది.

ఇక ఆ ఫోటోల బలం ఏమిటో ఫిబ్రవరిలో చూశాను. ఏడాదిలో ముగ్గురు అడిగిన ఇంటికి ఒక్క నెలలో ఇరవైమంది వచ్చారు. కొత్తపేట నుంచి, రావులపాలెం నుంచి కార్లలో దిగారు. వస్తూనే ఫోన్ తెరిచి ఫోటోతో పోల్చి చూసుకునేవారు. గేటు తీసి రెండడుగులు వేసి, ఎడమకు చూసేవారు. మన వాళ్లు ఎంత మర్యాదస్తులంటే, ఒక్కరు కూడా ఆ మాట ఎత్తలేదు. ఇల్లంతా తిరిగి, గదులు మెచ్చుకుని, కొబ్బరినీళ్లు తాగి, వెళ్లేటప్పుడు వేరే కారణం వెతుక్కునేవారు. ఒకాయనకు బోరు నీళ్లు ఉప్పగా తోచాయి. ఒకావిడకు మెట్లు ఎక్కువయ్యాయి. మన సంఘంవారే, ప్రార్థన చేసి మరీ బయలుదేరిన కుటుంబం, "బజారుకి దూరవండి" అన్నారు. అంతా బ్రోకరు పక్కన నిలబడి "ఆయ్, ఆయ్" అనేవాడు. నేను విసిగిపోయి, ఫోన్‌లోనే ముందుగా సమాధి సంగతి చెప్పడం మొదలుపెట్టాను. అప్పటినుంచి కార్లు కూడా ఆగిపోయాయి.

"మీరేంటండీ టీచరు గారూ, బేరం మొదలెట్టకుండానే మూసేస్తున్నారు" అన్నాడు బ్రోకరు. "వచ్చి చూసేక ఇల్లు నచ్చితే అదే సర్దుకుంటారు కదండీ."

"ఇరవైమంది చూశారు. ఎవరు సర్దుకున్నారు?"

అతను కొబ్బరిబొండం పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

మార్చి ఎనిమిదిన ఆలమూరు నుంచి ఒక జంట వచ్చారు. ఆయన ఉద్యోగం నుంచి రిటైరయ్యారు. ఆవిడ వంటగదిలో గట్టు ఎత్తు చూసుకుని, కిటికీలోంచి కాలువ చూసి, అక్కడే ఉండిపోయారు. ఆయన మాత్రం తిన్నగా సమాధి దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డారు. అన్ని వారాల్లో దాని వైపు ముఖం తిప్పి మాట్లాడినది ఆయనొక్కరే.

"ముప్పై ఎనిమిది లక్షలన్నారు. నేను బేరమాడనండి. ఫోటోలో ఎలా ఉందో అలా ఉంటే ఇవాళే అడ్వాన్సు ఇస్తాను."

నేను శిలువ మీద పడిన ఎండాకు తీసేశాను.

"తప్పుగా అనుకోకండమ్మా. మర్యాదగానే చేద్దాం. మీ పాస్టరు గారితో, పెద్దలతో ప్రార్థన చేయించే మీ సమాధుల తోటకి తీసుకెళ్దాం. ఖర్చంతా నేను పెట్టుకుంటాను. అక్కడ పదిమందిలో ఉంటారు కదండీ. ఇక్కడ ఒక్కరే."

మంచి మనిషి. ఆ మాటల్లో తప్పుపట్టడానికి ఏమీ లేకపోవడమే నన్ను ఎక్కువ బాధించింది. పాస్టరు గారిని అడిగితే, బైబిలు వాక్యప్రకారం అభ్యంతరం లేదన్నారు. బ్రోకరు రోజూ ఫోన్ చేశాడు. అమ్మే అధికారం నాది, సంతకం నాది. కాగితం మీద అడ్డంకి ఒక్కటీ లేదు. చెల్లెలి మోకాళ్ల ఎక్స్‌రే ఫోటో కూడా నా ఫోన్‌లోనే ఉంది. ఆమె మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటుందని అక్కడి స్నేహితురాలు నాతో చెప్పింది, నాకు చెప్పినట్టు తనకు తెలియనివ్వవద్దని కూడా చెప్పింది.

అన్నీ చెల్లెలికి చెప్పాను, నా అభిప్రాయం కలపకుండా. శుక్రవారం, తనకు సెలవు పూట.

"పోయిన ఆగస్టులో తోటలోకి నీళ్లు వచ్చేయా?" అని అడిగింది.

"వచ్చాయి."

"ఎంతవరకు?"

అబద్ధం చెప్పవచ్చునని ఆ క్షణంలో తోచింది. "శిలువలు మాత్రం కనిపించాయి" అన్నాను.

"ఆ నీళ్లలో పెట్టకూడదనే కదక్కా అక్కడ పెట్టేం." నవ్వింది. "ఆయనకి ఈత కూడా రాదు."

"మరి నీ సంగతి?"

"రెండేళ్లే కదా. మేడమ్ మంచిదే. కూర్చుని కూరలు తరుక్కోమని స్టూలు కొంది."

ఆలమూరు వారికి ఫోన్ చేసి చెప్పాను. ఆయన "ఆయ్, అర్థమైందండి" అన్నారు. ఆవిడ ఫోన్ తీసుకుని, కాలువ వైపు కిటికీ చాలా బాగుందని మళ్లీ చెప్పారు. మార్చి ఇరవై ఆరున చెల్లెలు సంతకం పెట్టి, ఆ కాగితం ఫోటో తీసి నాకు పంపింది. నేను దాన్ని రెండుసార్లు చదివాను. తేదీలు సరిగ్గానే ఉన్నాయి.

ఈస్టరు ఉదయం ఆరాధన ముగిశాక, అందరూ కొవ్వొత్తులతో సమాధుల తోటకు వెళుతుంటే, నేను సున్నం డబ్బా పట్టుకుని ఆ ఇంటికి వెళ్లాను. దిమ్మెకు సున్నం వేస్తుండగా ఫోన్ మోగింది. ద్రాక్షారామం నుంచి ఎవరో. డ్రోనుతో తీసిన ఇల్లు ఇంకా ఉందా అని అడిగారు.

"ఉందండి."

"ఫోటోలో ఉన్నట్టే ఉందాండీ?"

"గేటు తీయగానే ఎడమ చేతి వైపు మా మరిది సమాధి ఉందండి. మిగతాదంతా అలాగే ఉంది."

"ఆయ్... ఆలోచించుకుని చేస్తానండి."

చేతులు కడుక్కుని కొవ్వొత్తి వెలిగించాను. ఒక ఫోటో కావాలని చెల్లెలు ముందే అడిగింది. ఫోన్‌తోనే తీయమంది, ఆ ఫోటోగ్రాఫరును పిలవవద్దంది. తీసి పంపాను. వంకరగా వచ్చింది. సున్నం డబ్బా, బట్టల తాడు, గోడ మీద పక్కింటివారి పిల్లి, అన్నీ పడ్డాయి.

నిమిషంలో చెల్లెలి గొంతు వచ్చింది. "నీ నీడ పడిందక్కా ఆయన మీద. పక్కకి జరిగి ఇంకోటి తీయి."

జరిగాను.