ఎడమ సీటు కింద

మబ్బు పడితే చాలు, నార్మన్ కాలు ఒకచోట నిలవదు. తాగుతున్న టీ ఎక్కడో పెట్టి మరిచిపోయి షెడ్డులోకి పోతాడు. అక్కడుండేది ఒక్కో ముక్కా తెచ్చి తనే బిగించుకున్న కారు. దానికి టాపు లేదు, టాపు వేసుకునేవాళ్ళంటే అతనికి చిన్నచూపు. తడి దిగకుండా వైర్లకు గ్రీజు పూస్తాడు. వాన చినుకులు నిలవకుండా జారిపోవాలని ముందు అద్దానికి కోసిన బంగాళాదుంప రుద్దుతాడు. సాక్సుల మీద బ్రెడ్డు సంచులు తొడిగి బూట్లేసుకుంటాడు. తన కాళ్ళ కింది రేకుకు నీళ్ళు పోయేందుకు ఎప్పుడో రెండు బెజ్జాలు వేసుకున్నాడు. చివరగా పక్క సీటు మీద పట్టా కప్పి దాని అంచు బటన్లు నొక్కి బిగిస్తాడు. ఆ శనివారం అతను నొక్కిన బటన్లను భార్య గ్లెనిస్ వచ్చి పటపటా ఊడదీసింది. ఆమె కాళ్ళకు రబ్బరు బూట్లున్నాయి.

“నువ్వా? తడిసి ముద్దవుతావే!”

“వానొస్తే చాలు ఇల్లొదిలి పారిపోతావుగా. అంత గొప్పగా ఏముందో నేనూ చూస్తా. పోనియ్.”

యార్క్‌షైర్ కొండెక్కేసరికి వాన కుండపోతగా కురుస్తోంది. గ్లెనిస్ కిందికి చూసింది.

“నీ కింద చుక్క లేదు. నా కింద చెరువేంటయ్యా?”

నార్మన్ స్టీరింగు మీద వేళ్ళు టపటపలాడించాడు. “అటు ఎవరూ కూర్చోరు కదా అని... బెజ్జాలు వెయ్యలేదు.”

ఆమె బూటు విప్పి, నిండా నీళ్ళు ముంచి, అతని ఒళ్ళో కుమ్మరించింది.

ఇంటికి రాగానే అతను తడిబట్టలతోనే డ్రిల్లు వెతుక్కుంటూ షెడ్డులో దూరాడు. వంటింటి కిటికీలోంచి కేక వినిపించింది.

“రెండు చాలవు ముసలోడా, నాకు మూడు వెయ్యి!”