కరోనర్ ఓబెడ్ జప్తుకు వెళ్లిన రోజు

మా కెంటకీ కొండల్లో ఓబెడ్ ప్రూయిట్ అంత బిడియస్థుణ్ణి నేను చూడలేదు. రైలింకా మా వైపు రాని రోజులవి. అతను వడ్రంగి. దాంతోపాటు కరోనర్ ఉద్యోగం, అంటే ఎవరైనా పోతే వెళ్లి శవపంచనామా చెయ్యాలి. "పోయినవాళ్లు ఎదురు మాట్లాడరమ్మా, అదే సుఖం" అనేవాడు. పక్కింటిదాన్ని కనక నాతో ఆ మాత్రమైనా మాట్లాడేవాడు. నలుగురు కనిపిస్తే నోరు పెగిలేది కాదు.

అలాంటివాడికి తంటా తెచ్చిపెట్టాడు మా షరీఫు కింద పనిచేసే డిప్యూటీ లానీ. కొట్టు నడిపే హార్లన్ కోంబ్స్‌కి రావలసిన ముప్పై డాలర్ల బాకీని కోర్టు కాగితం చూపించి వసూలు చేశాడు. తిరిగొస్తుంటే సంతలో రంగులరాట్నం కనబడింది. పిల్లా పెద్దా అందర్నీ ఎక్కించి డబ్బంతా తగలేశాడు. నేనూ ఎక్కాను, దాచడమెందుకు! మర్నాటికి లానీ ఊళ్లో లేడు.

షరీఫు ఉద్యోగంలో చేరేవాడు పూచీకత్తు రాసివ్వాలి. డిప్యూటీ కొలువు పేరు చెప్పి తిన్న సొమ్ముకు షరీఫే జవాబుదారీ. మా షరీఫు ఏసా టాకెట్‌కి ఉన్నదల్లా కంచరగాడిదల జత. దుక్కుల ముందు అవి పోతే ఆ ఏడు పంట లేనట్టే. జడ్జి వాటినే జప్తు చెయ్యమన్నాడు. జప్తులు చేసేది షరీఫే, తన గాడిదల్ని తనే ఎలా పట్టుకుంటాడు? అలాంటప్పుడు కరోనర్ వెళ్లాలిట, చట్టం అంతే.

ఓబెడ్ శవపంచనామాలకి తొడిగే నల్లకోటే తొడుక్కుని బయల్దేరాడు. ఏసా దిగులుతో ముసుగుదన్ని పడుకున్నాడు. పెరట్లోంచి వచ్చిన అతని భార్య మహేలా గుమ్మంలో ఓబెడ్‌ని చూసింది, మంచం మీద ముసుగు చూసింది.

"ఓరి దేవుడో! పొద్దున్నేగా తిట్టాను, అప్పుడే పోయావా మావా!"

"కా... కాదమ్మా... గాడిదలు..." అన్నాడు ఓబెడ్.

"ఆ గాడిదల బెంగతోనే పోయాడు!" అని ఇంకా గట్టిగా అందుకుంది.

క్షణాల్లో ఇల్లు నిండిపోయింది. నేను వేడి మొక్కజొన్న రొట్టె పట్టుకునే పరిగెత్తాను. హార్లన్ వచ్చి మంచం దగ్గర కూలబడ్డాడు.

"లేవరా ఏసా! ముప్పై డాలర్లు నీకంటే ఎక్కువా? వదిలేశాన్రా, సెంటుతో సహా వదిలేశాను!"

ముసుగు కదిలింది. "అందరూ విన్నారుగా?" అంటూ ఏసా లేచి కూర్చున్నాడు. నా రొట్టె నేలపాలైంది.

హార్లన్ మొహం కందగడ్డయింది. "చచ్చాడనుకుని అన్న మాటది, చెల్లదు! ఓబెడ్, తోలుకురావోయ్ గాడిదల్ని!"

అందరం ఓబెడ్ వైపు తిరిగాం. పాపం, చెవులు ఎర్రబడ్డాయి. గొంతు సవరించుకున్నాడు.

"ఇతను ఉన్నాడా పోయాడా అన్నది తేల్చాల్సింది నేను. పోయాడంటే ఈ జప్తు కాగితం పోయినవాడి మీద పనికిరాదు. ఉన్నాడంటే నువ్వు బాకీ వదిలింది అతని మొహం మీదే, కరోనర్ ముందే. ఏది రాయమంటావు?"

హార్లన్ ఏసాని ఎగాదిగా చూశాడు. ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు.

"ఉన్నాడనే రాయవోయ్" అన్నాడు.