కుక్కపిల్ల కోసం వెళ్తే ఇంటర్వ్యూ నాకే అయింది

లాబ్రడార్ పిల్ల కోసం ఈ రోజు నేనూ, మా ఆవిడా సిరోంచ నుంచి అల్లపల్లి వెళ్లాం. కుక్కపిల్లల్ని అమ్మేవాళ్లను ఏమేం అడగాలో ఫోన్లో చదువుకుని మరీ వెళ్లాను. తల్లిని చూపించమనాలి, టీకాల సంగతి తేల్చుకోవాలి, అస్సలు మోసపోకూడదు.

కుక్కల్ని పెంచే షబానా ఆపా నన్ను నోరు తెరవనిస్తే కదా! తల్లికుక్కను తానే తెచ్చి నిలబెట్టింది, టీకాల సంగతి తానే చెప్పేసింది. తర్వాత నా వైపు తిరిగింది. పగలు ఇంట్లో ఎవరుంటారు, ఊరికి పోతే ఎవరు చూస్తారు, ఒకటే ప్రశ్నలు.

"రాత్రి యాడ పంటది?"

"గేటు కాడ కట్టేస్తం ఆపా," అన్నాను దర్జాగా. "మా దిక్కు చిరుత తిరుగుతంది. మొన్ననే పక్క గల్లీల కుక్కను ఎత్కపోయింది. అందుకే కాపలాకు కుక్క కావాలె."

ఆపా నన్ను కిందికీ మీదికీ చూసింది. "కాపలానా? చిరుతకు గేటు కాడ్నే టిఫిన్ పెడ్తవన్నట్టు! నేనియ్య, పో."

మా ఆవిడ నవ్వింది తప్ప నా తరఫున ఒక్క మాట అనలేదు. బతిమాలితే ఆపా కాస్త మెత్తబడి, ఆదివారం వచ్చి మా ఇల్లు చూశాకే చెబుతానంది. నన్ను అల్లుణ్ణి చేసుకునేటప్పుడు మా మామ ఇందులో సగం కూడా అడగలేదు.

ఆపాకు నా గురించి మంచిగా చెప్పేవాళ్లెవరైనా ఉంటే కామెంట్లో చేయెత్తండి. మా ఆవిడను అడిగాను. ఆలోచిస్తానంది.