జీడితోటలో పంది తొడ

మా ఆయన అడవిలో బతకాలని నిర్ణయించుకున్నది ఒక ఇంగ్లీషు సినిమా చూసి. అందులో ఒక గుమాస్తా పట్నం గోల భరించలేక అడవికి పోతాడు. అక్కడ అతన్ని కరవని ప్రాణి లేదు. ఆఖర్న ఒక ఎలుగుబంటి అతని కోటు ఈడ్చుకుని పోతుంది, లోపల మనిషి ఉండడు. హాలంతా పగలబడి నవ్వింది. ఈయన మాత్రం నవ్వలేదు.

"ఆడు సేసిన తప్పేటో నాకు తెలిసిపోయిందే," అన్నాడు బయటికొస్తూ.

ఆయనది పోర్టులో ఉద్యోగం. ఆరేసిన చీరలు ఖనిజం ధూళికి ఎర్రబడే ఇల్లు మాది, కాదనను. నేను సీతమ్మధారలో ఒక బడిలో సైన్సు చెప్పేదాన్ని. ఆయన ఆనందపురం అవతల కొండవార జీడితోట కౌలుకు తీసుకుని, తన ఉద్యోగానికి సెలవు పెట్టి, నా రాజీనామా తనే రాసేశాడు.

"సంతకం ఎట్టేయ్, అయిపోద్ది."

"మరి మీ రాజీనామా?"

"ముందు నన్ను అలవాటు పడనీ."

చూశారా న్యాయం! పది రోజులు వాదించి, సంతకం పెట్టకుండా, వారం సెలవు మీద వెళ్లాను. సోమవారం ఉదయం హాజరు కాకపోతే నా చోటు ఇంకొకరికి ఇచ్చేస్తానని హెడ్‌మిస్ట్రెస్ మొహం మీదే చెప్పింది.

తోటలో గడియారం నిషేధం. రేడియో నిషేధం. కిరసనాయిలు స్టవ్వూ నిషేధమే, కట్టెల పొగలో దగ్గేది నేను గనుక. ఆయన పొద్దుటే బల్లెం పట్టుకుని బయల్దేరేవాడు. ఆరు రోజుల్లో ఒక్క తొండ కూడా భయపడలేదు.

ఆదివారం ఉదయం, ఆయన ఇంకా బయల్దేరకముందే, గుడిసె ముందు వడ్లు దంచుతుంటే కొండవైపు ఏదో పేలింది. పిండిముద్దలో మందుగుండు చుట్టి అడవిపందుల దారిలో పెట్టడం అక్కడివాళ్ల వేట. కొరికితే పేలుతుంది. ఈ పంది కొరికింది గానీ చావలేదు. కింది దవడ లేకుండా, నాలుక నేలకి రాసుకుంటూ, నెత్తురు చిమ్ముకుంటూ మా వాకిట్లోకి దూసుకొచ్చింది. బల్లెం కింద పడిన చప్పుడు. తల తిప్పేసరికి మా ఆయన జీడిచెట్టు మీద ఉన్నాడు. అదేమంత ఎత్తు చెట్టు? పంది ఆ వేలాడే కాళ్ల వైపే పోయింది.

"కొట్టే! కొట్టవే దాన్ని!"

చేతిలో రోకలి ఉంది. మొదటి దెబ్బ వీపు మీద జారింది. అది తిరగబడి గుద్దితే మోకాలి కింద చర్మం చీలి వెల్లకిలా పడ్డాను. లేచి నడినెత్తిన వేశాను. పుర్రె పగలడం రోకలి గుండా నా అరచేతుల్లోకి వచ్చింది. అది పడి కాళ్లు తన్నుకుంది. ఇంకోటి వేశాను. మరోటి. ఆఖరి దెబ్బ పందికి అక్కర్లేదు. చెట్టు వైపు చూస్తూ వేశాను.

నెత్తుటి జాడ పట్టుకుని వేటగాళ్లు వచ్చారు.

"సంపిందెవులు?" అన్నాడు వాళ్లలో పెద్దాయన.

"మేమే," అన్నాడు మా ఆయన కొమ్మ మీంచి.

"మేమంటే ఎవులు బాబూ? సంపినోలికి ఎనక తొడ ఇవ్వాల. మా కట్టు అది."

ముసలాయన రోకలి చూశాడు, నా చేతులు చూశాడు.

"అయితే తొడ అమ్మది. తమరు దిగండి బాబూ, సచ్చిపోనాది."

దిగాడు. కళ్లు మెరిసిపోతున్నాయి. "సూసేవా? బతుకంటే ఇదే! ఈల్లు ఆనందపురం ఎల్తన్నారంట, పోస్టులో పడేత్తారు, సంతకం ఎట్టేయ్." నా కాలి నుంచి నెత్తురు కారుతుండగా పెట్టెలోంచి ఆ కాగితం తెచ్చి ఇచ్చాడు.

తీసుకున్నాను. దాంతో కాలు తుడుచుకుని ఆయన చేతిలోనే పెట్టాను. అడ్డాకుల్లో చుట్టిన తొడ భుజానికెత్తుకుని వేటగాళ్ల వెనకే నడిచాను.

"ఏటమ్మా అది?" అన్నాడు బస్సు కండక్టరు, ముక్కు మూసుకుని.

"నా వాటా."

సోమవారం మొదటి గంటకి ముందే హాజరు పట్టీ తెరిచాను. గోళ్ల సందుల్లో ఎరుపు ఇంకా పోలేదు. హెడ్‌మిస్ట్రెస్ దాన్నే చూస్తూ కలం అందించింది. సంతకం పెట్టాను.